గోడ వైపు నిలబడినవాళ్ళు

ఢిల్లీ,
జూన్ 22

మామకు, దీపాలి దండాలు.

ఉత్తరం చూసి భయపడకు. ఎవరికీ ఏమీ కాలేదు. నువ్వు ఫోన్ ఎత్తవు, ఎత్తినా మాట్లాడవు, అందుకని కాగితం తీశాను. పోయిన వారం జ్వరంతో పడుకున్నానని చెబితే "మంచిది బిడ్డా, మంచిది" అని పెట్టేశావు. మేనకోడలికి జ్వరమొస్తే మంచిదనే మామను నేను ఎక్కడా చూడలేదు. నిజం చెప్పనా? ఆ రోజంతా ఏడ్చాను. ఢిల్లీ వద్దన్నా వచ్చానని ఇంకా అలకేనా?

అమ్మ పోయిన తర్వాత నీ ఖోలీలోనే కదా పెరిగాను. మరాఠీ బడికి పంపిస్తూనే, మన అక్షరాలు కూడా రావాలని పలక మీద దిద్దించావు. ఆ అక్షరాలతోనే ఇప్పుడు నిన్ను తిడుతున్నాను, చదువుకో. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెచ్చి కార్ఖానా గుమ్మంలో నిలబడి "మామా" అంటే, మీ సాంచాలు, ఆ మరమగ్గాలన్నీ ఒక్కసారిగా మోగుతున్నా నువ్వు తిరిగి చూసేవాడివి. మీ మీద పెత్తనం చేసే ముకాదం పిలిస్తే తిరిగేవాడివి కాదు గానీ నేను పిలిస్తే తిరిగేవాడివి. ఆ మామ ఏమయ్యాడు?

సరే, పని సంగతి. మన ఎంపీ, ఖాస్దార్ సాహెబ్ ఆఫీసులో నన్ను ఇంకా పరీక్ష మీదే ఉంచారు. భివండి నుంచి వచ్చే అర్జీలు చదవడం, ఏది ఏ మంత్రికి రాయాలో చూడడం, సభలో ఆయన మాట్లాడడానికి సరుకు సిద్ధం చేయడం నా పని. సాహెబ్ మంచివాడే కానీ నిలకడ లేదు. కుర్చీలో కాసేపు కూర్చోడు. నిన్న అర్జీల కట్ట నా బల్ల మీద పడేసి, "అందరూ ఫ్లైఓవరే అడుగుతారు. ఎంపీ అంటే కాంట్రాక్టరా? ఈ ఊరి మనిషికి ఇంకే బాధా లేదా?" అన్నాడు. నాకు నువ్వు గుర్తొచ్చావు. మన నార్పోలిలో ఎవరికి ఏం నొప్పో నీకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? కోపం పక్కన పెట్టి రాయి.

నీ దీపాలి


నార్పోలి, భివండి,
జూలై 5

చిరంజీవి దీపాలికి మామ దీవెనలు.

పోస్ట్‌మన్ కవరు ఇవ్వగానే మీ అత్త "కోర్టు నోటీసా ఏంది?" అని చేతులు చీర కొంగుకు తుడుచుకుంటూ నిలబడిపోయింది. మన ఖోలీకి ఉత్తరం వచ్చి ఎన్నేళ్ళయిందో. చదివి వినిపిస్తే, "నిన్ను మంచిగనే తిట్టింది" అని సంతోషపడింది.

జ్వరం తగ్గిందా? వేళకు తింటున్నావా? నాకు అలక లేదు బిడ్డా. నాది డబ్బా ఫోన్. కార్ఖానాలో సిగ్నల్ రాదు, ఇంట్లో రేకుల మీద వాన. ఉత్తరమే బాగుంది. నీ అక్షరాలు కూడా చూసినట్టవుతుంది. ఇకమీద ఇలాగే రాయి. ఫోన్ చేయకు.

బాధలు అడిగావు. మీ సాహెబ్‌కు ఓపిక ఉండాలి గానీ మా దగ్గర వాటికేం కరువు? కరెంటు బిల్లు చూస్తే సాంచా నడిపేవాడికంటే ముందు సేఠ్‌కే గుండె ఆగుతుంది. ఆ కోపం మా మీద తీరుస్తాడు. టెంఘర్ వైపు ఉండేవాళ్ళకు నల్లా ఎప్పుడొస్తుందో ఆ నల్లాకే తెలియదు. వాన పడితే మోరీ నీళ్ళు ఖోలీల్లోకి వస్తాయి. నిజాంపురా బజారు రోడ్డు మీద మీ సాహెబ్ కారు ఒక్కసారి పోనివ్వు, ఫ్లైఓవర్ మాట మళ్ళీ ఎత్తడు.

మన లస్మయ్య కాలు విరిగింది. నాతోపాటే సాంచాలు నడిపే లస్మయ్య, నీకు చిన్నప్పుడు బత్తాసాలు కొనిచ్చేవాడు. నిజాంపురాలో కూరగాయలకు పోతుంటే వెనకనుంచి టెంపో గుద్దింది. డ్రైవరు చాలాసేపు హారన్ కొట్టాడనీ, ఇతనే జరగలేదనీ అక్కడున్నవాళ్ళు అంటున్నారు. కొడితే మాత్రం? టెంపోకు బ్రేకు ఉండదా? పెద్ద మనిషి నడుస్తుంటే ఆగొద్దా? దీని గురించి రాయమను మీ సాహెబ్‌ను, పోలీసులకు.

మీ అత్త మామిడికాయ పచ్చడి పంపుతానంటోంది. ఆ సంచీ ఢిల్లీ చేరేలోపు ఎన్ని రైలు డబ్బాలు నూనె అవుతాయో అని వద్దన్నాను. నా మాట వినలేదు.

మీ మామ
రాజమౌళి


ఢిల్లీ,
జూలై 20

మామకు,

పచ్చడి చేరింది. నూనె సంచీ దాటలేదు, అత్త గెలిచింది.

నీ ఉత్తరం హిందీలో సాహెబ్‌కు చదివి వినిపించాను. ఫ్లైఓవర్ దగ్గర నవ్వాడు. లస్మయ్య కాక దగ్గరకు వచ్చేసరికి నడుస్తున్నవాడు ఆగిపోయాడు. "హారన్ కొడుతూనే ఉంటే ఎందుకు జరగలేదు?" అని అడిగాడు. ఆ వాక్యం నేను నాలుగుసార్లు చదివి కూడా ఆ ప్రశ్న వేసుకోలేదు. ఆయనే అన్నాడు, "దీపాలీ, జీవితమంతా సాంచాల మధ్య నిలబడిన మనిషికి చెవులు మిగులుతాయా?"

అప్పటినుంచి ఆఫీసులో ఇదే గోల. డాక్టర్లకు ఫోన్లు, సభలో ఇంతకుముందు అడిగిన ప్రశ్నలు వెతకడం. మామా, సాంచాల మోతకు చెవులు పోతే అది పనిలో తగిలిన దెబ్బగా లెక్కకు రావాలి. మందులు, చెవి మిషన్లు ఉచితంగా ఇవ్వాలి. చిన్న కార్ఖానాల్లో ఇవేమీ లేవు. దీని మీద చలికాలం సమావేశాల్లో మాట్లాడతానంటున్నాడు. సభలో ఆయనకు దొరికేది ఒక్క అవకాశం, కొద్ది నిమిషాలు. దాన్ని నార్పోలికి ఇస్తానన్నాడు. అయితే చేతిలో రుజువు ఉండాలంటాడు. అందుకే ఆగస్టులో మన సంఘం హాల్లో చెవుల పరీక్ష క్యాంపు పెడుతున్నారు. భివండి ఆఫీసు నుంచి పంకజ్ అన్నీ చూస్తాడు. మనవాళ్ళకు మాట సాయం చేయడానికి నీ పేరు ఇచ్చాను.

నాకు కాలు నిలవడం లేదు మామా. ఈ ఆఫీసుకు వచ్చిన తర్వాత మొదటిసారి, నేను చేసే పని మన వాడకు చేరుతుందనిపించింది. ఇది జరిగితే నన్ను ఇక్కడ పక్కా చేస్తారు కూడా.

నీ దీపాలి


నార్పోలి,
ఆగస్టు 3

ఖాస్దార్ ఆఫీసు దీపాలి మేడమ్ గారికి,

నేను లస్మయ్య కాలు గురించి రాశాను. చెవి గురించి రాయలేదు. రాయని మాట చదవడం మీ ఢిల్లీలో నేర్పిస్తారా?

నువ్వు కార్ఖానా గుమ్మం దాకా వచ్చినదానివి, లోపలికి రాలేదు. సాంచా మీద పోగు తెగితే చప్పుడు మారుతుంది. అడ్డపోగు తీసుకుపోయే నాడె సరిగా పోకపోతే చప్పుడు మారుతుంది. ఆ మార్పు వినపడగానే ఆపాలి, లేకపోతే గుడ్డంతా పాడు. కళ్ళు ఒక సాంచా మీద ఉంటే చెవులు మిగిలిన వాటి మీద ఉంటాయి. చెవిటివాడనే పేరు ఒక్కసారి పడిందంటే ఏ సేఠ్ సాంచాలు ఇస్తాడు? కండెలు చుట్టే మిషను దగ్గర కూర్చోబెడతాడు, లేదా ఇంటికి పొమ్మంటాడు. లస్మయ్య ఆసుపత్రి నుంచి రాకముందే ముకాదం అతని సాంచాలు వేరేవాళ్ళకు ఇచ్చేశాడు. కాలు విరిగినందుకు కాదు. "హారన్ వినపడనోడికి సాంచా ఏం వినపడ్తది?" అన్నాడు.

ఇప్పుడు మీరు హాల్లో బల్ల వేసి, ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, ఇతను చెవిటి, ఇతను చెవిటి అని రాసుకుంటారు. గుమ్మం దగ్గర ముకాదం నిలబడి చూస్తాడు. ఎంత మేలు!

ఆపించు. మీ సాహెబ్‌కు ఏదో ఒకటి చెప్పి ఆపించు.

రాజమౌళి


నార్పోలి,
ఆగస్టు 25

దీపాలికి,

నువ్వు జవాబు రాయలేదు. క్యాంపు మాత్రం వచ్చింది. నువ్వు చెప్పినట్టే పోయి మాట సాయం చేశాను. అందరూ పాసయ్యారు. నేను కూడా. కుంటుకుంటూ వచ్చిన లస్మయ్య కూడా. మా చెవులకు ఏ ఢోకా లేదు. మీ సాహెబ్‌ను ఫ్లైఓవర్ చూసుకొమ్మను.

వానలు తగ్గాయి. మీ అత్త కులాసా.

మామ


ఢిల్లీ,
సెప్టెంబర్ 14

మామకు,

సాహెబ్ క్యాంపు రిపోర్టు అందరి ముందూ నా చేతిలో పెట్టాడు. "నార్పోలి చెవులు మన చెవులకంటే బాగున్నాయి" అని నవ్వాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేయను? తర్వాత బాత్‌రూంలోకి పోయి ముఖం కడుక్కున్నాను. సభలో నార్పోలికి ఇస్తానన్న ఆ నిమిషాలు ఇప్పుడు మళ్ళీ ఫ్లైఓవర్‌కే.

అవమానం సంగతి వదిలెయ్. నాకు నిద్ర పట్టనిది దాని గురించి కాదు. నాకు జ్వరమంటే నువ్వు మంచిదన్నావు. ఫోన్ చేయకు, ఉత్తరమే రాయి అన్నావు. నిన్న పక్కింటి మాలతి ఫోన్‌కు చేసి అత్తతో మాట్లాడాను. గట్టిగా అడిగితే ఏడ్చింది. "మీ మామ ఎనుకనుంచి పిలిస్తె పలుకడు బిడ్డా. ఎదురుంగ నిలవడి నోరు ఆడిస్తెనే పలుకుతడు. పొయ్యి మీద పాలు పొంగినా, తలుపు కొట్టినా ఎరుక లేదు. ఎవ్వలికీ చెప్పద్దని నా మీద ఒట్టు వెట్టిండు" అంది.

మామా, నీకు వినపడుతోందా, లేదా? ఒక్క మాట రాయి. అబద్ధం రాసేటట్టయితే అసలు రాయకు.

దీపాలి


నార్పోలి,
అక్టోబర్ 2

చిరంజీవి దీపాలికి,

లేదు. వినపడడం లేదు.

నీ ఉత్తరం వచ్చిన తర్వాత మీ అత్తతో మాట్లాడలేదు. నిన్న ఆమే ఎదురుగా వచ్చి నిలబడి, నోరు పెద్దగా తెరిచి, "చెప్పినా, ఏం జేస్తవ్?" అంది. నవ్వొచ్చింది. నవ్విన తర్వాత ఏడుపొచ్చింది. సరే, నీకూ రాస్తున్నాను.

ఎప్పుడు పోయాయో తెలియదు. చెవులు ఒక్కరోజులో పోవు. ముందు పిట్టలు పోయాయి. తర్వాత పక్క ఖోలీ టీవీ. తర్వాత ఫోన్లో నీ గొంతు. నువ్వు ఏదో చెబుతున్నావని తెలిసేది, ఏం చెబుతున్నావో తెలిసేది కాదు. మేనకోడలు ఢిల్లీలో పెద్ద ఉద్యోగం చేస్తోంది, మంచి మాటలే చెబుతుంది కదా అని అన్నింటికీ మంచిది అనేవాడిని. జ్వరానికి కూడా అన్నానని నీ ఉత్తరంలో చదివినప్పుడు అన్నం దిగలేదు. ఆ రోజే చెప్పేసి ఉండాల్సింది. నోరు రాలేదు.

కార్ఖానాలో మాత్రం నాకేం తక్కువ లేదు. అక్కడ చెవులున్నవాడికీ లేనివాడికీ తేడా లేదు. ఆ మోతలో ఎవరికి ఎవరి మాట వినపడుతుంది? అందరం పెదవులే చదువుతాం, చేతులతోనే మాట్లాడతాం. బొటనవేలు నోటి దగ్గర పెడితే చాయ్. రెండు వేళ్ళు కత్తెరలా ఆడిస్తే పోగు తెగింది. తల మీద టోపీ పెట్టుకున్నట్టు చేస్తే సేఠ్ వస్తున్నాడు. సాంచా మీద చెయ్యి వేస్తే దాని అదురులో చాలావరకు తెలుస్తుంది. తెలియనిది కళ్ళతో పట్టుకుంటాను. నన్ను చెవిటివాడిని చేసేది కార్ఖానా కాదు, కార్ఖానా బయట ఉండే నిశ్శబ్దం.

క్యాంపు సంగతి విను. పరీక్ష చేయడానికి ఇద్దరు పిల్లలు వచ్చారు. చెవులకు పెట్టే మిషను ఒకటి తెచ్చారు గానీ గోడ అవతలే సాంచాలు నడుస్తున్నాయి. ఆ చప్పుడులో మిషను పనిచేయదన్నారు. అందుకని ఎదురుగా కూర్చుని హిందీలో మాటలు చెప్పడం, మేం తిరిగి చెప్పడం. పానీ, రోటీ, ఘర్, దుకాన్. కోమల్ అనే పిల్లకు జలుబట, మాస్కు పెట్టుకుంది. మొదట కూర్చున్న వీరయ్య ఆమె వైపు గుడ్లు మిటకరించి చూస్తున్నాడు, ఒక్క మాటా చెప్పలేదు. గుమ్మం దగ్గర ముకాదం ఉన్నాడు. నేను వంగి ఆ పిల్లతో అన్నాను, "మేడమ్, ఆప్‌కీ హిందీ ఇన్‌కో నయీ హై, మాస్క్ నికాలో." తన హిందీ వీళ్ళకు కొత్త అనుకుని, పాపం మాస్కు తీసేసింది. అంతే. ఇంక ఒక్కరు తప్పలేదు. సాంచాల మోతలో పెదవులు చదివినవాళ్ళకు ఆ నాలుగు మాటలెంత? ఆ పిల్ల సంతోషంగా అందరికీ బాగుందని రాసుకుంది. హాలు బయటకు వచ్చి అందరం చాయ్ తాగాం. లస్మయ్య నా భుజం తట్టాడు. నేను గెలిచాననుకున్నాను.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. టిఫిన్ డబ్బా తెచ్చి నువ్వు పిలిస్తే అంత మోతలోనూ తిరిగేవాడిని అంటావు కదా. అప్పుడు కూడా నాకు నీ గొంతు వినపడేది కాదు బిడ్డా. ఎవరికీ వినపడదు. నా సాంచా గుమ్మానికి ఎదురుగా ఉండేది. నువ్వు వచ్చి నిలబడగానే గుడ్డ మీద పడే వెలుతురు తగ్గేది. చిన్న నీడ. ముకాదం నీడ పెద్దది, దానికి నేను తిరిగేవాడిని కాదు.

మామ


ఢిల్లీ,
అక్టోబర్ 20

మామకు,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. ఏం రాయాలో తోచక కాగితాలు చింపుతూ కూర్చున్నాను. అలిగావనుకున్నాను, తిట్టాను. నన్ను క్షమించు.

సాహెబ్‌కు నేనేమీ చెప్పలేదు. చెబితే నీ పేరు బయటికి వస్తుంది. నీ సాంచాలు పోతాయి. ఆ భయం నీదే కాదు, ఇప్పుడు నాదీ.

కానీ అడగకుండా ఉండలేను. సభ మొదలయ్యే ముందు సాహెబ్ భివండి వస్తున్నాడు. నవంబర్ రెండో శనివారం తన ఆఫీసులో జనం బాధలు వింటాడు. అక్కడ ఎవరైనా ఒక్కరు నిలబడి, ఆ పరీక్ష తప్పు, మాకు వినపడదు అని చెబితే రిపోర్టు పక్కకు పోతుంది. ఎవరూ చెప్పకపోతే ఫ్లైఓవర్. పనికి కొత్తగా వస్తున్న స్వామి లాంటి పిల్లలకు ఇంకా చెవులున్నాయి మామా. వాళ్ళకైనా ఏదో ఒకటి జరగాలి.

నువ్వు వెళ్ళమని చెప్పడం లేదు. వెళ్ళొద్దని కూడా చెప్పలేకపోతున్నాను. రెండూ ఒకే ఉత్తరంలో రాస్తున్నందుకు నామీద నాకే చిరాకుగా ఉంది. ఏం చేసినా నువ్వు నా మామవే.

దీపాలి


నార్పోలి,
నవంబర్ 18

చిరంజీవి దీపాలికి మామ దీవెనలు.

పోయాను.

నీ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని చాలా రోజులు తిరిగాను. పోతే ఒకటి, పోకపోతే ఒకటి. సాంచా ముందు నిలబడితే స్వామి కనపడతాడు. పెళ్ళయి ఏడాది కాలేదు, కూనిరాగం తీస్తూ పని చేస్తాడు. తన పాట తనకే వినపడదు, అయినా పెదవులు ఆడిస్తూనే ఉంటాడు. వాడిని చూస్తే కోపమొచ్చేది. ఎందుకు కోపమో తెలిసేది కాదు. చివరికి మీ అత్తే చెప్పుల జత నా ముందు పెట్టి, "పోయేదుంటె పో, లేకుంటె ఆ ఉత్తరం చింపెయ్. గిట్ల ఇల్లంత తిరగకు" అంది. లస్మయ్యను, వీరయ్యను అడిగాను. నన్ను పిచ్చివాడిని చూసినట్టు చూశారు. శనివారం పొద్దున చూస్తే లస్మయ్య కర్ర పట్టుకుని రిక్షా స్టాండ్ దగ్గర ఉన్నాడు. వీరయ్య కూడా. వాళ్ళ వెనక ఇంకొందరు. స్వామి కూడా వచ్చాడు. మీ అత్త ఎలాగూ నా వెంటే ఉంది.

మీ సాహెబ్ ఆఫీసు నిండా జనం. పంకజ్ మా వంతు వచ్చినప్పుడు ముందుకు తోశాడు. నువ్వు రాసిన ముక్కే నాకొచ్చిన హిందీలో చెప్పాను. "సాహెబ్, వో జాంచ్ గలత్ థీ. హమ్ కో సునాయీ నహీ దేతా." పక్కనున్న ఆఫీసరు కాగితం తీసి చూపించాడు. అందరూ పాసయ్యారు, ఇప్పుడేమో ఇలా అంటున్నారు, మిషన్ల కోసం వచ్చి ఉంటారు అన్నాడు. ఆ మాట అతని పెదవుల మీద చదివాను. మా వీరయ్య కూడా చదివాడు. మొహం కందగడ్డ అయింది.

మీ సాహెబ్ లేచి ఇటు నడిచాడు, అటు నడిచాడు. మా తలకాయలన్నీ ఆయన వెంబడే తిరిగాయి. అప్పుడు ఆగి అడిగాడు, "నా దగ్గరికి వచ్చేవాళ్ళు నా చేతుల వైపు చూస్తారు, కళ్ళ వైపు చూస్తారు. మీరంతా నా నోటి వైపు చూస్తున్నారేంటి?" చేయి ఊపి, గోడ వైపు తిరిగి నిలబడమన్నాడు.

తిరిగాం. నా ముందు సున్నం గోడ, దాని మీద ఒక మేకు, మేకుకు ఏమీ లేదు. దాన్నే చూస్తూ నిలబడ్డాను. వెనక ఏం జరుగుతోందో తెలియదు. పక్కనున్న స్వామి ఒకసారి వెనక్కు తిరిగాడు, మళ్ళీ గోడ వైపు తిరిగాడు. ఇంకాసేపటికి మళ్ళీ తిరిగాడు. ఈసారి వెనక్కు చూసి, నా వైపు చూశాడు. వాడి కళ్ళ నిండా నీళ్ళు. వీడెందుకు ఏడుస్తున్నాడు అనుకున్నాను. అంత భయం నాకు ఎప్పుడూ వేయలేదు దీపాలీ. ఎవరో నన్ను ఏదో అడుగుతున్నారు, నేను జవాబు చెప్పడం లేదు అనిపించింది.

చివరికి మీ అత్త వచ్చి భుజం మీద చేయి వేసింది. తిరిగి చూస్తే మీ సాహెబ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. ఆఫీసరు నేల చూస్తున్నాడు. "ఏమన్నడే?" అని మీ అత్తను అడిగాను. చేయి ఊపింది. ఇంటికొచ్చిన తర్వాత కూడా చెప్పలేదు. స్వామిని అడిగితే తప్పించుకుని పోతున్నాడు.

సోమవారం సేఠ్ నన్ను సాంచాల మీదనుంచి తీసేశాడు. కండెల మిషను దగ్గర కూర్చోబెట్టాడు. తిట్టలేదు, ఆ మాట మాత్రం చెప్పుకోవాలి. "ఉమర్ హో గయీ రాజమౌళి" అన్నాడు, వయసైపోయిందని. నాతో వచ్చినవాళ్ళను ఇంకా ఏమీ అనలేదు, అందరినీ ఒక్కసారే తీస్తే కార్ఖానా నడవదు కదా. కండెల మిషను మూలకు ఉంది, గుమ్మానికి వీపు పెట్టి కూర్చోవాలి. చేతికి పని తక్కువ, బుర్రకు ఆలోచన ఎక్కువ. కడుపు మండుతోంది. అయినా పోయినందుకు బాధ లేదు.

నువ్వు ఆ ఆఫీసుదానివే కదా. పంకజ్‌ను అడిగి రాయి. మా వీపుల వెనక ఏం జరిగింది?

మామ


ఢిల్లీ,
డిసెంబర్ 12

మామకు, నీ దీపాలి దండాలు.

పంకజ్‌ను మళ్ళీ అడగాల్సిన పని లేదు. నాకు తెలుసు. ఇన్ని రోజులు రాయలేకపోయాను.

ముందు సాహెబ్ మామూలుగా "చాయ్ వచ్చింది, తీసుకోండి" అన్నాడట. స్వామి, ఇంకో ఇద్దరు కుర్రాళ్ళు తిరిగారు. వాళ్ళను మళ్ళీ గోడ వైపు తిరగమని సైగ చేశాడట. తర్వాత మైకు తెప్పించి, "నార్పోలి కరెంటు బిల్లులన్నీ మాఫ్!" అన్నాడట. హాల్లో జనమంతా చప్పట్లు కొట్టారట. గోడ దగ్గరున్న పెద్దవాళ్ళలో ఒక్కరూ కదల్లేదు. భివండిలో కరెంటు బిల్లు మాఫ్ అంటే తిరగనివాడు ఉంటాడా మామా? ఆ ఆఫీసరు చేతిలో కాగితం అప్పుడే మడత పెట్టాడట.

అక్కడితో ఆపితే సరిపోయేది. అప్పుడే నేను పంకజ్‌కు ఫోన్ చేశాను, ఏమైందో తెలుసుకోకుండా ఉండలేక. సాహెబ్ ఫోన్ తీసుకున్నాడు. "వీళ్ళలో నీ మామ ఎవరు?" అన్నాడు. చెప్పులు ఎప్పుడూ సరిగా వేసుకోనివాడు అన్నాను. "నీ గొంతు గుర్తుపడతాడేమో, పిలువు" అని ఫోన్ మైకుకు ఆనించాడు.

నేను పిలిచాను మామా. ఢిల్లీ ఆఫీసులో అందరి మధ్యా నిలబడి, "మామా" అన్నాను. మళ్ళీ అన్నాను. తర్వాత చిన్నప్పుడు గుమ్మంలో నిలబడి అరిచినట్టు అరిచాను. ఇక్కడ అందరూ నా వైపు తిరిగారు. అక్కడ హాలంతా తిరిగిందట. నువ్వు తిరగలేదు. ఫోన్లో అత్త ఏడుపు వినపడింది. ఎవరో నిన్ను అడుగుతున్నారు, నువ్వు జవాబు చెప్పడం లేదు అనిపించిందని రాశావు. అది నేనే.

సాహెబ్ నిన్న సభలో మాట్లాడాడు. ఫ్లైఓవర్ మాట ఎత్తలేదు. నీ పేరు చెప్పకుండా, గోడ వైపు నిలబడినవాళ్ళ సంగతి చెప్పాడు. గంట మోగింది, అయినా ఆపలేదు. మంత్రి పరిశీలిస్తామన్నాడు. పరిశీలన అంటే ఏమిటో ఈ ఆఫీసులో ఉండి నాకు తెలుసు, అందుకే పొంగిపోవడం లేదు. ఒకటి మాత్రం గట్టిగా జరిగింది. జనవరిలో మళ్ళీ పరీక్ష. సాంచాల చప్పుడు లేని చోట, సరైన మిషనుతో. ఎవరి ఫలితమూ సేఠ్‌లకు చెప్పరు. సాహెబ్ పరీక్ష చేసేవాళ్ళకు మొదట పెట్టిన షరతు ఏమిటో తెలుసా? మాస్కు తీయకూడదు. నీ దొంగతనం ఆయనకు చెప్పేశాను. చాలాసేపు నవ్వాడు, తర్వాత మళ్ళీ నడవడం మొదలుపెట్టాడు. నీ సాంచాల గురించి పంకజ్ సేఠ్‌ను కలిశాడు. "సోచేంగే" అన్నాడట, ఆలోచిస్తాడట. నన్ను పక్కా చేశారు. సంతోషం కావడం లేదు.

ఆదివారం రైలెక్కుతున్నాను. సెలవు దొరికింది. స్టేషను నుంచి ఇంటికి కాదు, నేరుగా కార్ఖానాకే వస్తాను. ఆ కండెల మిషను ఎటైనా తిప్పించు, స్వామిని సాయం అడుగు, ముకాదం తిడితే తిట్టనీ. గుమ్మానికి వీపు పెట్టి మాత్రం కూర్చోకు మామా. నేను వచ్చి నిలబడతాను.

నీ దీపాలి